ఈశాన్యంల నిలబడ్డ టవరు

మా బావ, అంటే మా అక్క మొగడు, గుండ్లపోచంపల్లిల ప్లాట్లు అమ్ముతడు. ఏ వెంచరు వేసినా గేటు కాడ "వంద శాతం వాస్తు" అని బోర్డు కొడ్తడు. అసొంటి మనిషిని తీస్కపోయి విమానాల మ్యూజియం కమిటీకి అధ్యక్షున్ని చేసిన్రు. ఎందుకంటే ఏం చెప్పాలె? మునిసిపాలిటీ ఎలక్షన్ల నిలబడుతడట, అందాక కూసునేటందుకు ఓ కుర్చీ కావాలె. విమానం గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే, తిరుపతికి జల్దీ పోవచ్చని.

మ్యూజియం పెడ్తమంటున్నది శామీర్‌పేటకు, మేడ్చల్‌కు నడుమ ఉన్న పాత ఎయిర్‌స్ట్రిప్‌ల. నైజాం జమానల కట్టిన్రు. విమానాలు నడుపుడు నేర్చుకునేటోళ్లు ఇప్పటికీ ఆడ చిన్న చిన్న విమానాలు ఎగరేస్తరు. కట్టడాలు రెండే. ఒకటి విమానాలు పెట్టే పెద్ద రేకుల షెడ్డు. రెండోది దానికి ఈశాన్యంల నిలబడ్డ టవరు, ఎగిరే దిగే విమానాల మీద కన్నేసి ఉండేటందుకు కట్టింది.

నేను కాలేజీల పిల్లలకు కట్టడాల పాఠం చెప్పేదాన్ని. ఆ టవరును చూపించకుండ ఒక్క ఏడు గూడ గడవలే. రాయి, డంగు సున్నం, పైన నాలుగు దిక్కుల అద్దాల గది. రన్‌వే ఉత్తరాన ఉంటది గనక, ఆ గదిల నిలబడి విమానాల దిక్కు చూస్తే ఎండ వీపు మీద పడ్తది, కండ్లల్ల పడదు. లోపలి దీపం అద్దంల మెరిసి చూపుకు అడ్డం రాకుండ, అద్దాలను పైన బయటికి వంచి బిగించిన్రు. షోకు కోసమని ఒక్క రాయి గూడ పెట్టలే. చిన్నప్పుడు నేను, మా అక్క సెలవులల్ల దాని మీదికి ఎక్కేటోళ్లం. అక్క అద్దానికి ముక్కు ఆనిచ్చి, విమానం కనవడంగనే కేక పెట్టేది. ఆ టవరంటే నాకు పానం, దాచుకునుడెందుకు.

"నీ టవరు యాడికి పోదు మరదలా, నాది జిమ్మ, నేను చూస్కుంట" అన్నడు బావ, కుర్చీ ఎక్కిన కొత్తల. నేను నమ్మిన. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

శిలాఫలకం పెట్టే ముందుగాల వాస్తు చూసేటాయనను పిలిపిచ్చిన్రు. మ్యూజియానికి వాస్తు! ఆయన ఫోన్ల దిక్సూచి తెరిచి, టవరు కాడికి వచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకున్నడు. "ఈశాన్యంల గింత బరువా! యజమానికి పీడ" అన్నడు.

"సర్కారు జాగకు యజమాని ఎవరయ్యా?" అని నేనడిగిన.

ఆయన బావ దిక్కు తిరిగిండు. "శిలాఫలకం మీద ఎవరి పేరుంటే ఆయనే."

బావ మొకంల నెత్తురు చుక్క లేదు. ఎలక్షన్లు దగ్గరవడ్డయి మరి.

"బావా, అది రన్‌వేను చూసేటందుకు ఆ మూలకు కట్టిన్రు. ఆడికెళ్లి తీసేస్తే అది టవరే గాదు" అని చెప్పిన. "తీసేసుడు ఏంది మరదలా, జరుపుదాం. నైరుతిల ఇంకింత ఎత్తుగ కడదాం, ఎత్తుండాల్సింది ఆడనే" అన్నడు. టవరు ఆయన కంటికి బీరువా లెక్క కనవడ్డది. కమిటీల ఇంకో మేధావి నన్ను ఓదార్చిండు. "కొత్తది గూడ వందేండ్లకు హెరిటేజే అయితది గద మేడం." వాని నోట్ల మన్నువడ!

ఇగ అక్క కాడికి ఉరికిన. "నువ్వు చెప్తే వింటడక్కా" అన్న. అక్కకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "దాని మీద ఎవ్వల చెయ్యి పడనియ్య. నువ్వు పరేషాన్ గాకు" అన్నది. ఆ మాటతోని నా మనసు నిమ్మళమైంది.

వారం తిరగలే, జేసీబీ వచ్చింది. నేను పోయేసరికే అద్దాల గది కింద పడి ఉంది. సున్నపు గోడ మాత్రం లొంగలే. పొద్దుమూకే దాక గుద్దుతనే ఉన్నరు, అది నిలబడ్తనే ఉంది. నేను రోడ్డు మీద నిలబడి, సిగ్గిడిచి ఏడ్సిన. "గిట్ల సెంటిమెంటు పెట్టుకుంటే ఎట్ల మరదలా" అని బావ నాకు మంచినీళ్ల సీసా ఇచ్చిండు. టవరున్న జాగల సంపు తవ్విచ్చిండు, ఈశాన్యంల నీళ్లుండాలెనట.

నైరుతిల కొత్త టవరు లేసింది. ఇనుప పైపులు, వాటి మీద ఫైబరు, ఫైబరు మీద రాళ్ల లెక్క గీతలు. రంగు వేసిన పిండిబొమ్మ తీరు. పైకెక్కి చూస్తే ఉత్తరం దిక్కు షెడ్డు కప్పు అడ్డం. మిగిలిన దిక్కులకు గోదాములు, అపార్టుమెంట్ల మీద నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు. రన్‌వే గీ మూల నుంచి గోరంత గూడ కనవడదు. విమానాలు కనవడని విమానాల టవరు కట్టిన ఘనత మాదే, ఇంకెవ్వలకూ రాదు.

ప్రారంభం నాడు కట్టడాల గొప్పతనం గురించి చెప్పుమని నన్నే పిలిచిన్రు. నోరున్నందుకు పోయిన. చుట్టాలు, కమిటీ, పెద్దలు అందరం ఆ ఫైబరు గదిల ఇరుక్కున్నం. విమానాలు నడిపి రిటైరైన ఓ పెద్దాయన అద్దం కాడ చానసేపు నిలబడి, "ఇక్కడి నుంచి రన్‌వే కనిపించదేమిటమ్మా?" అని నన్నడిగిండు.

"రన్‌వే కనవడే టవరు వేరే ఉండె సార్. దాన్ని మా బావ కూలగొట్టిచ్చిండు. ఆడ సంపు తవ్విచ్చిండు" అని అందరు వినేటట్టు చెప్పిన. ఇప్పుడన్నా తల వంచుకుంటడనుకున్న.

బావ ముందుకొచ్చిండు, మొకం నిండ నవ్వు. "అవును సార్, నేనే దగ్గరుండి తీయిచ్చిన. దోషం పోయింది, నీళ్లకు గూడ కొదవ లేదు" అన్నడు.

అందరు చప్పట్లు కొట్టిన్రు, ఆఖరుకు నేను గూడ. పెద్దాయన ఒక్కడే కొట్టలే. నేను అక్క దిక్కు చూసిన. నాకంటే ముందుగాలనే ఆమె కొడ్తున్నది.