మా మేడం వదలని మెమరీ పాఠం

మా కంప్యూటర్ మేడం పోయారని పోయిన వారం తిరుపతి నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. ఏడుస్తూనే ఇంకో మాట చెప్పింది: "మేడం చెప్పే మెమరీ క్లాసు కాలేజీలో తీసేస్తారంట. ఉద్యోగాలకు పనికిరాదంట." నా ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది.

పనికిరాదా! రేణిగుంట గోడౌన్‌లో నా ఉద్యోగం నిలబెట్టింది ఆ పాఠమేనండీ. బ్రహ్మోత్సవాల రద్దీలో నేను రాసిన సరుకుల ప్రోగ్రామ్ సర్వర్ మెమరీని తెగ వాడేసింది. రద్దీ తగ్గినా మెమరీ వాడకం చూపే అంకె దిగలేదు. "నీ ప్రోగ్రాం తీసుకున్న మెమరీ వదలకుండా లీకవుతా ఉండాది, రేపట్నించి రావద్దు" అన్నాడు మేనేజర్. వేరే ఎవరైనా తల వంచేవాళ్లేమో. నేను మేడం క్లాసులో కూర్చున్నదాన్ని.

ఆ పాఠం మేడం తిరుచానూరు లాడ్జీతో మొదలుపెట్టేవారు. "లాడ్జీ మేనేజరు ఓనరు కాడ అంతస్తంతా బాడుగకు తీసుకున్నాడు. భక్తులు గది ఖాళీ చేసి తాళంచెవి ఎవరికిస్తారు? మేనేజరుకే గదా! మళ్లా జనమొస్తారని ఆయన పెట్టుకుంటాడు. ఓనరుకు మాత్రం అంతస్తు తిరిగి రాలేదు." మనం వదిలేసిన మెమరీ కూడా అంతే, ప్రోగ్రామ్‌కు మెమరీ పంచిపెట్టే అలకేటర్ దగ్గరే ఆగుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెంటనే చేరదు. "సూడకుండా లీకు అనే మాట నా ముందర అనొద్దండప్పా" అనేవారు. కీబోర్డు తాకేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, మా చేతే కొలిపించి, విసిగించి చంపేవారు.

గోడౌన్‌లో నేనూ అలాగే కొలిచాను. అలకేటర్ చేతిలో ఎంత ఖాళీగా ఉందో మేనేజర్‌కు చూపించి, ఖాళీగా ఉన్న మెమరీ పేజీలు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇచ్చెయ్యమని ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస రాశాను. అంకె జారింది. ఆయన గొంతు సవరించుకుని టీ తెప్పించాడు. సంబరంగా మేడంకు ఫోన్ చేస్తే మెచ్చుకోలేదు. "పూర్తిగా దిగిందా? మిగిలింది ఎవరు పట్టుకోనుండారో సూడు పో" అన్నారు. అలాంటి మనిషి లేరంటే నాకు బాధకన్నా కోపమే ఎక్కువగా ఉంది.

సోమవారం సెలవు పెట్టి కాలేజీకి వెళ్లాను. ఎవరినీ అడగలేదు. క్లాసు వేళకు పిల్లలు అలవాటుగా ల్యాబ్‌లోనే ఉన్నారు. వాళ్ల చేత ప్రోగ్రామ్ నడిపించాను. మెమరీ వదిలేశారు, అంకె కదల్లేదు. అందరూ స్క్రీన్ మీదికి వంగారు.

ప్రిన్సిపాల్ గుమ్మంలోకి వచ్చి, "ఎవరమ్మా నువ్వు? ఈ క్లాసు తీసేసినాం గదా!" అన్నారు.

"కూర్చోండి సార్. అంకె ఎందుకు దిగలేదో పిల్లోళ్లు చెప్పబోతా ఉండారు."

ఆయన కూర్చోలేదు, వెళ్లిపోనూ లేదు. ముందు వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.