ఎస్తేరక్కకు నప్పని రంగులు

మా దేవరకొండ డిపోల కండక్టర్ ఎస్తేరక్కకు ఒక్కటే పిచ్చి. ఆడమనిషికి సరైన స్కర్టు ఒక్కటుంటే చాలు, దాంతోటే పెండ్లికి పోవచ్చు, చావుకు పోవచ్చు, చర్చికి, ఇంటర్వ్యూకు, పత్తి ఏరనీకి గూడ పోవచ్చు అంటది. అనుకొని ఊకుంటే ఫికరు లేదు. బస్సెక్కిన ప్రతి ఆడామెకు టికెట్‌తో పాటు గీ ముచ్చట గూడ చేతుల పెడ్తది. అప్పట్ల టికెట్‌కు పైసలుండె, ముచ్చట ముఫత్.

నేను ఆమె బండికి డ్రైవర్‌ను. పేరు విజేందర్. తెలంగాణ వచ్చిన కొత్తల నన్ను నల్లగొండ రూట్ల ఆమెతోని ఏసిండ్రు. డ్రైవర్‌కు బ్రేకు, గేరు, టైరు తెలిస్తే చాలు. నాకు అవి తెల్సు. గుడ్డను నిలువుకు కోస్తే ఎట్ల జారుతది, ఏటవాలుగ కోస్తే ఎట్ల ఊగుతది అనేది గూడ తెల్సు. నేను అడగలే. ఇంజన్ సప్పుడును మించి ఇనవడేది మా బండిల ఎస్తేరక్క గొంతు ఒక్కటే.

మొదటి దినమే కొండమల్లేపల్లిల ఒక బ్యాంకు మేడం మోకాళ్ల కాడ బిగించి కుట్టిన స్కర్టుల వచ్చింది. మెట్టు మీద కాలు పెడ్దామంటే కాలు లేవది. ఇంకో కాలు సూసింది. అదీ లేవది. నేను రైట్ రైట్ కోసం సూస్తున్న. ఎస్తేరక్క డోర్ల నిలవడి తీరుబడిగ అడిగింది.

"మేడం, గిది కొన్నప్పుడు దుకాన్ల మెట్టెక్కి సూసిండ్రా?"

"దుకాన్ల మెట్లెక్కడియండి?"

"స్టూలు లేదా?"

"స్టూలెందుకు?"

"మెట్టుకు."

రెండు రెక్కలు పట్టి ఆమెను లోపటికి గుంజింది. గుంజి, కూసోబెట్టి, గుర్రంపోడు దాక చెప్పింది. నడవనియ్యని బట్ట బట్టే గాదట, గొలుసట. ఆ మేడం నల్లగొండల దిగేటప్పుడు ఎస్తేరక్కకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. గౌరవంతోని పెట్టిందా, ఇగ ఇడిసిపెట్టమని పెట్టిందా, నాకు ఇప్పటికీ అర్థం గాలే.

మా ఇంట్ల దాన్ని లంగ అంటరు. ఎస్తేరక్క ఒప్పుకోదు. "లంగకు జేబుండది తమ్మీ. స్కర్టుకుంటది. జేబు లేకపోతే అది ఎంత పెద్ద దుకాన్ల కొన్నా లంగనే" అంటది. ఆమె స్కర్టు ముదురు నీలం. మడిమెకు బెత్తెడు మీద ఆగుతది. నడుముకు సుట్టుకొని పక్కకు తాళ్లు ముడేసుకునుడే, కొలతల్లేవు. ఎప్పుడు సూసినా మడతపెట్టి సంచిల ఉండాల్సిందే.

ఒకపారి మా మెకానిక్ నరసింహ బిడ్డ పెండ్లి. డ్యూటి దిగి డిపోకెళ్లి సీదా ఫంక్షన్ హాలుకు పోవాలె. ఎస్తేరక్క ఒంటి మీద ఖాకీ కోటున్నది. "జర అటు తిరుగు తమ్మీ" అని బండెనకకు పోయింది. నేను టైర్ల గాలి సూసేలోపు మళ్లొచ్చింది. ఖాకీ లేదు. లోపటి గోధుమరంగు కుర్త మీద నీలం స్కర్టు, భుజం మీద జరీ అంచు ఓణి, చెవులకు బుట్టలు. పెండ్లిపిల్ల మేనత్త లెక్క నడిచి పోతాంది.

హాల్ల నరసింహ భార్య ఎదురొచ్చి, "ఏందొదినే, పట్టుచీర లేదా?" అన్నది.

"ఉన్నది. దానికి ఇయ్యాల వీక్లీ ఆఫ్."

అదే స్కర్టు మీద తెల్ల అంగి ఏసుకొని చావుకు పోయింది. అదే స్కర్టు మీద ఎర్ర స్వెటరేసి క్రిస్మస్‌కు చర్చిల పాట పాడింది. సెలవు పెట్టి వాళ్లన్న చేనుకు పోయినప్పుడు అదే స్కర్టును మీదికి దోపి ఒడి చేసి పత్తి ఏరింది. నేను ఉండబట్టలేక అడిగిన.

"ఒక్కదాంతోని గిన్ని ఎట్లక్కా?"

"మన బండి ఎట్ల తమ్మీ? పొద్దుగాల నల్లగొండ బోర్డు పెడ్తవ్. జాతరొస్తే జాతర స్పెషల్ అంటవ్. పరీక్షలొస్తే స్టూడెంట్ బస్సంటవ్. బండిని మారుస్తున్నవా, బోర్డును మారుస్తున్నవా?"

"బోర్డును."

"గదే. కింద బండి, పైన బోర్డు. రెండూ మార్చేటోనికి రెండు బుర్రలుండాలె."

నేనింటికి పోయి మా ఆమె మంజులతకు చెప్పిన. "నువ్వు డ్యూటికి పోతున్నవా, కుట్టు నేర్వనీకి పోతున్నవా?" అన్నది.

మా బిడ్డ కోమలకు నల్లగొండల డిగ్రీ సీటొచ్చింది. కాలేజికి ఒకటి, ఫ్రెషర్స్ డేకు ఒకటి, సెమినార్‌కు ఒకటని బట్టల లెక్క మొదలువెట్టింది. ఎట్ల ఇనవడ్డదో ఏమో, ఎస్తేరక్క బండి మధ్యాహ్నం ఆగే టైముల మమ్ముల ఇద్దరిని దశరథం బట్టల దుకాన్‌కు తోల్కపోయింది. దశరథం ఆమెను దూరంకెళ్లి సూసి షట్టరు సగం దించిండు.

"దుకాన్ బంద్ అక్కా."

"మరి లోపట లైట్లేంది?"

"బంద్ చెయ్యనీకి ఎలుగు గావాలె గద."

ఎస్తేరక్క షట్టరు కిందికెళ్లి దూరింది. దూరి, స్కర్టు మీద స్కర్టు తీయించింది. ఒకటి సుట్టుకొని పరుపు మీద కాళ్లు మడిచి సక్లముక్లం కూసున్నది. ఇంకోటి సుట్టుకొని స్టూలెక్కింది, దిగింది, మళ్లెక్కింది. మూడోది సుట్టుకొని ఫ్యాను కింద నిలవడి, "ఐదుల పెట్టు" అన్నది.

"ఐదుల ఎందుకక్కా? ఉన్న బట్టలన్ని లేస్తయ్."

"బస్టాండుల ఎక్స్‌ప్రెస్ పక్కకెళ్లి పోతే ఐదే తమ్మీ. నాలుగు గాదు."

ఫ్యాను ఐదుల పెట్టిండు. దుకాన్ల చున్నీలన్ని లేచినయ్. ఎస్తేరక్క ఒంటి మీది నీలం స్కర్టు మాత్రం కదలలే. "గిది" అన్నది. కోమలకు రంగు నచ్చలే. లేత గులాబి డ్రెస్సు చేతుల పట్టుకొని నిలవడ్డది.

"బిడ్డా, గులాబి మంచిగుంటది. ఒక్క కార్యానికి మంచిగుంటది. నీలానికి తెల్ల అంగి ఏసి టక్ చేస్తే సెమినార్. పొడుగు కుర్తేస్తే కాలేజి. మెరిసే జాకెటేసి ఓణి తిప్పుకుంటే ఫ్రెషర్స్ డే. నువ్వు లావైనా నీదే, సన్నమైనా నీదే."

"ఎప్పుడు సూసినా అదే ఏసుకుంటదని నవ్వరా ఆంటీ?"

"నవ్వనీ. నవ్వేటోళ్లు నీ మొఖం గుర్తువెట్టుకుంటరు. అది గూడ ఫాయిదనే."

నీలం కొన్నం. ఎస్తేరక్క సూడకుండ గులాబి డ్రెస్సు గూడ కొన్నం.

ఇంతవరకు బాగనే ఉన్నది. కష్టమంత ఎక్కడొచ్చిందంటే, ఎస్తేరక్క పిచ్చి ఒక్కొక్కసారి ముదురుతుండె. బండి నిండుగ ఉంటది. టికెట్లు కొట్టుకుంట మెల్లగ పోతున్న మనిషి ఉన్నట్టుండి ఎవలో ఒక పిల్ల మీద ఒర్లుతది. "ఓ పిల్లా! గదేం డ్రెస్సు! గా రంగు నీకు నప్పుతదని ఎవరు చెప్పిండ్రు? లే, ఇటు రా!" అని, సంచిలకెళ్లి నీలం స్కర్టు తీసి ఆ పిల్ల నడుముకు సుట్టి ముడేస్తది. "గిప్పుడు సూడు, ఎట్ల కలిసిందో!" అంటది. బండంత ఎస్తేరక్కను సూసి నవ్వుతది. ఆ పిల్ల తలకాయ్ దించుకొని, అదే స్కర్టుతోని దిగిపోతది. కొన్ని స్కర్టులు మళ్లొస్తయ్, కొన్ని రావు. రాకపోతే ఇంకోటి కుట్టించుకుంటది. అదే గుడ్డ, అదే నీలం.

ఒకనాడు సాయంత్రం నల్లగొండ నుంచి వస్తుంటే మా కోమల గూడ బండిల ఉన్నది. గులాబి డ్రెస్సేసుకున్నది. దేవరకొండ దగ్గర పడంగ లేచి నిలవడ్డది. అంతే, ఎనకకెళ్లి మొదలైంది.

"ఓ కోమలా! దుకాన్ల చెప్తే ఇన్నవా? గా గులాబేందే! చెరువుల పడ్డ తామరపువ్వు లెక్క! ఆగు, కదలకు!"

బండంత గొల్లున నవ్వింది. నా బిడ్డను, నా బండిల, నేను స్టీరింగ్ పట్టుకొని ఉండంగ! ఎన్కకు తిరుగుదమంటే ముందట బర్రెలు అడ్డమొచ్చినయ్. ఆ తర్వాత ఎస్తేరక్కతోని మాట బంద్ చేసిన. ఆమె రైట్ అంటే పోతున్న, హోల్డాన్ అంటే ఆపుతున్న.

"ఏమైంది తమ్మీ?"

"ఏం లే."

"ఏం లే అంటే మస్తున్నట్టు."

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక బండి నిండ ఆడపిల్లలే. ఎస్తేరక్క ఒర్లుడు గూడ ఎక్కువైంది. ఆఖరికి యాదయ్య సారు తట్టుకోలేకపోయిండు. రిటైరైన పంతులు, రోజు మా బండిలనే పోతడు. సీదా డిపోకొచ్చి, "గా కండక్టరమ్మ ఆడపిల్లలను నలుగుట్ల నవ్వులపాలు చేస్తాంది, ఏదో ఒకటి చెయ్యిండ్రి" అని మేనేజర్ సారు ముందట గట్టిగనే అన్నడు.

మేనేజర్ సారు ఎస్తేరక్కను పిలిచిండు. నన్ను గూడ నిలవెట్టిండు.

"ఇగ నుంచి ప్రయాణికుల బట్టల మీద మాట్లాడనని చెప్పమ్మా. అయిపోతది."

"మాట్లాడుత సార్."

"ఏంది?"

"నప్పకపోతే ఊకోబుద్ధి గాదు సార్. అలవాటు."

"అట్లయితే బండి దిగి డిపోల కూసుండాల్సొస్తది. సోమారం దాక టైమిస్తున్న. ఆలోచించుకో."

బయటికొచ్చినంక నాకు కోపం, బాధ రెండూ కలిసొచ్చినయ్. ఒర్లితే ఒర్లింది గని, ఎస్తేరక్క లేని బండి ఎట్లుంటదో నాకు ఊహకస్తలేదు.

"అక్కా, ఇగ ఒర్లనని ఒక్క మాటంటే ఏం పోయింది?"

"అంటే నిలవెట్టుకోవాలె గద. రేపే ఎవరిదన్న రంగు నప్పకపోతే?"

"నప్పకపోతే నప్పకపాయె! లోకం మునుగుతదా?"

ఎస్తేరక్క సంచి భుజానికేసుకున్నది. "నీకు డ్రైవింగ్ మంచిగొస్తది తమ్మీ" అని ఇంటికి పోయింది.

ఆ మాపటికి బువ్వ తినుకుంట ఈ ముచ్చట చెప్పిన. కోమల ముద్ద కింద పెట్టింది.

"నాయినా, నీకు నిజంగనే తెల్వదా?"

"ఏంది?"

కోమల వాళ్లమ్మ దిక్కు సూసింది. మంజులత "చెప్పు" అన్నది.

"గా దినం బస్సుల నాకు పీరియడ్స్ వచ్చినయ్ నాయినా. డ్రెస్సు ఎనకంత ఖరాబైంది. నాకే తెల్వలే, లేచి నిలవడ్డ. ఎనక సీట్ల పోరగాండ్లున్నరు. ఆంటీ గట్ల ఒర్లంగనే అందరు ఆమెను సూసి నవ్విండ్రు. నన్నెవ్వరు సూడలే. స్కర్టు ముడేసుకుంట చెవుల చెప్పింది, ఫికర్ చెయ్యకు బిడ్డా, ఉతికి ఎప్పుడన్న తెచ్చియ్యి అని."

"అందరికీ గట్లనేనా?"

"అందరికీ గట్లనే. ఊకె ఎందుకు ఒర్లుతది?"

నేను మంజులతను సూసిన. "నీకు తెల్సా?"

"బస్సెక్కే ఆడోళ్లందరికి తెల్సు."

నాకు అప్పుడు ఒక్కొక్కటి ఎక్కింది. ఏ నడుముకైనా వచ్చే స్కర్టెందుకు, ఏ పైబట్టకైనా కలిసే రంగెందుకు, అదీ అంత ముదురు నీలమే ఎందుకు. ఇన్నేండ్లు ముందట కూసొని దారంత సూసిన గని, బండి లోపట ఏమైతాందో నాకే తెల్వలే.

సోమారం పొద్దుగాల మేనేజర్ సారు రూముకు పోయిన. "ఎవ్వరి పేర్లు చెప్పకు నాయినా" అని కోమల కసమ్ తీసుకొని పంపింది. పోయి సూస్తే యాదయ్య సారు అప్పటికే కూసున్నడు.

"నేనన్న మాట వాపస్ తీసుకుంటున్న సార్" అంటున్నడు.

"ఎందుకు?" అన్నడు మేనేజర్ సారు.

"మా కోడలు సుచరిత తీసుకొమ్మన్నది."

"ఆమె ఎందుకన్నది?"

యాదయ్య సారు మీదికి, ఫ్యాను దిక్కు సూసిండు. "రంగుల ముచ్చట సార్."

"ఏం రంగు?"

"నప్పని రంగు."

నేను అందుకున్న. "అవును సార్. ఒక్కొక్కసారి నప్పది సార్. ఉన్నట్టుండి నప్పది."

మేనేజర్ సారు ఆయనను సూసిండు, నన్ను సూసిండు. ఆయనకు గూడ ఇంట్ల ఇద్దరు చెల్లెండ్లు, ఒక బిడ్డ. కొంచెంసేపైనంక ఆయన గూడ ఫ్యాను దిక్కు సూసిండు. కరెంటు లేదు, ఫ్యాను తిరుగుతలేదు. అయినా ముగ్గురం దాన్నే సూసినం.

"స్కర్టు ఆమె సొంతదేనా?" అన్నడు ఆఖరుకు.

"సొంతదే సార్. పోయినప్పుడల్ల ఇంకోటి కుట్టించుకుంటది."

"నీలమే ఎందుకు?"

"మరక గనవడ—" అని యాదయ్య సారు దగ్గిండు. దగ్గు శానసేపు ఆగలే. మేనేజర్ సారు నీళ్ల గ్లాసు ముందటికి జరిపి, "పోండ్రి, ఇద్దరు పోండ్రి. ఆమెను పంపుండ్రి" అన్నడు.

ఎస్తేరక్క లోపటికి పోయింది. మేము తలుపు కాడనే నిలవడ్డం.

"నీ రూటు నీదేనమ్మా. రంగుల సంగతి నీకు ఎట్ల మంచిగనిపిస్తే అట్ల సూసుకో."

"మంచిది సార్. సార్, మీ అంగికి గా ప్యాంటు..."

"పోమ్మా!"

ఆ మధ్యాహ్నమే బండి నిండ జనం. గుర్రంపోడు దాటినమో లేదో ఎనకకెళ్లి గొంతు లేచింది. "ఓ సెల్లె! గా తెలుపేందమ్మా! దవాఖాన కర్టెన్ లెక్క! లే, ఇటు రా!"

నా పక్క ముందటి సీట్ల ఇద్దరు పిలగాండ్లు ఫోన్లు పక్కకు పెట్టి, ఏం జరుగుతుందోనని లేచి ఎన్కకు తిరుగుతున్నరు. నాకు ఏం చెయ్యాల్నో తోచలే. హారన్ మీద చెయ్యేసి గట్టిగ నొక్కి, అంతకన్న గట్టిగ ఒర్లిన.

"అవునక్కా! తెలుపు నాకు గూడ నప్పలే! అసలు తెలుపు ఏసుకునుడే తప్పు! తెలుపు మీద గవర్నమెంటు ఒక రూలు తేవాలె! ఏం తమ్మీ, నువ్వేమంటవ్? నిన్నే! నీ అంగి తెల్లగున్నది, నీకు నప్పుతుందనుకుంటున్నవా?"

ఆ పిలగాండ్లు అట్లనే ఆగి నా దిక్కు తిరిగిండ్రు. బండిల మొగోళ్లందరు నా దిక్కే తిరిగిండ్రు. నేను తెలుపు మీద ఇంకా శాన మాట్లాడిన. ఏం మాట్లాడిన్నో నాకు యాదికి లేదు. ఎనక ఆడోళ్లు పగలవడి నవ్వుతున్నరు. ఇంజను పక్కన బుట్టతోని కూసున్న బిక్షమ్మ అవ్వ నెత్తి కొట్టుకున్నది.

"కండక్టర్‌కే ఉందనుకున్న. డ్రైవర్‌కు గూడ అంటుకున్నది! బండి సక్కగ నడుపు కొడుకా!"

నేను సక్కగనే నడిపిన. ఆ పిల్ల ఏ స్టేజీల దిగిందో నాకు తెల్వది. బండిల ఎవ్వరికీ తెల్వది.