రెండు నున్న టైర్లతో తడ దాటి

మార్చి నెలలో ఒక శనివారం ఉదయం ఆరింటికి నెల్లూరు బస్టాండులో రెండు మోటారుసైకిలు టైర్లు పట్టుకుని నిలబడ్డాను. నాకు మోటారుసైకిలు లేదు, నడపడమూ రాదు. అవి మా బావమరిది పెంచలయ్యవి. మద్రాసు దారిలో, తడ దాటాక, యుద్ధకాలపు పాత విమానాల మైదానంలో మర్నాడు పందేలున్నాయి. అతని బండి ముందే బియ్యం లారీలో వెళ్ళిపోయింది.

కిందటేడు ఆ పందెంలోనే పడి అతను భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. నెలరోజులు అన్నం కలిపి నోట్లో పెట్టింది మా ఆవిడే. అందుకే బయల్దేరేటప్పుడు నాతో చెప్పింది: "ఈసారి పడినాడంటే ఆ బండి అమ్మించేస్తా. మీరు కళ్ళారా చూసొచ్చి చెప్పండి. వాడి మాట నేను నమ్మను." పత్రికలో పనిచేస్తున్నందుకు ఇంట్లో నాకు దక్కిన గౌరవం అంతే.

రెండు టైర్లూ వెనక చక్రానికే. రెండింటినీ అతనే ఆకురాయితో రాకి నున్నగా చేశాడు. ఎండిన సిమెంటు మీద గాట్లున్న టైరుకంటే నున్నటిదే బాగా పట్టుకుంటుందట. ఒకటి మెత్తని రబ్బరు. మలుపులో జారదు, కాని త్వరగా అరుగుతుంది. రెండోది గట్టిది, చివరిదాకా నిలుస్తుంది, కాని జారుతుంది. నేల వేడి చూస్తేగాని ఏది వెయ్యాలో తేలదన్నాడు.

గూడూరులో బస్సు ఆగగానే దిగి రోడ్డు మీద అరచెయ్యి ఆనించాడు. నాయుడుపేటలోనూ అంతే. అక్కడ ఇడ్లీ బాగుంటుంది. నేను సగంలో వదిలేసి, కదులుతున్న బస్సును ఆపి అతన్ని ఎక్కించాను. దొరవారిసత్రం వెళ్తున్న పెద్దాయన ఒకరు, "మీ వాడు రోడ్డుకి జ్వరం చూస్తా ఉండాడా సామీ?" అనడిగారు. తర్వాత టైర్లు బస్సంతా తిరిగాయి. ప్రతివాళ్ళూ గోటితో నొక్కి తీర్పు చెప్పారు. కండక్టరు మాత్రం, "రెండూ బోడివే సార్. మేమైతే ఎప్పుడో పారేస్తాం," అన్నాడు.

ఆ రాత్రి సూళ్ళూరుపేట సత్రంలో దిగాం. చాపలు ఇచ్చారు, దోమలకు కొదవలేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి మైదానం చేరితే, పదింటికన్న పందెం ఒంటిగంటకు గాని మొదలుకాలేదు. అప్పటికి సిమెంటు పెనంలా కాలుతోంది. పెంచలయ్య చెయ్యి ఆనించి వెంటనే తీశాడు.

"బావా, మెత్తది ఈ ఎండకి సగంలోనే పోద్ది. గట్టిదేస్తా."

"జారితే?"

"జారితే పట్టుకుంటా."

"కిందటేడూ పట్టుకున్నావు," అన్నాను.

దాంతో మెత్తదే బిగించాడు. పదిహేను చుట్ల పందెం. ఆరో చుట్టులో ముందున్న బండి మలుపులో జారి గడ్డిమోపుల్లోకి దూసుకుపోయింది. మావాడు పడకుండా నిలదొక్కుకున్నాడు. పదకొండో చుట్టుకు టైరు పెచ్చులు ఊడి లోపలి గుడ్డ బయటపడింది. బండి దిగి, తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"నీ మాటే నిలిచింది బావా. పడలా," అన్నాడు. ఆ తర్వాత సూళ్ళూరుపేట దాకా బస్సులో నాకు దూరంగా కూర్చున్నాడు.

బండి లారీ ఎక్కింది. గట్టి టైరు మళ్ళీ నా వంతుకే వచ్చింది. నాయుడుపేటలో బస్సు మారేటప్పుడు అది నా చెయ్యి జారి వాలులో దొర్లింది. వెంటపడి పరిగెత్తాను. దాన్ని అందుకున్నాను గాని, కంకరలో బోర్లాపడి మోకాలు చీరుకుపోయింది. "నున్నటిది గదా సార్, బాగా దొర్లింది," అన్నాడు టీ బంకు ఆయన. ఆ దారిన పందేలకు వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ టైరో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. నాయుడుపేట ఇడ్లీ అయినా పూర్తిగా తినగలుగుతారు.

ఇల్లు చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. తమ్ముడి మోచేతులు, భుజం తడిమి చూసింది.

"పడినాడా?"

"పడలేదు," అన్నాను.

అప్పుడు నా పంచె మీద రక్తం చూసింది. "మరి ఇదేంది?"

"బావ గట్టి టైరు వెనకాల పరిగెత్తినాడక్కా," అన్నాడు పెంచలయ్య. రెండు రోజుల్లో అతను నవ్వడం అదే మొదలు.

ఆవిడ టింక్చరు సీసా తెచ్చి నా ముందు కూర్చుంది.

"బండి ఉండనీరా," అంది తమ్ముడితో. తర్వాత నావైపు తిరిగింది. "వచ్చేసారి మీరు మాత్రం పోబాకండి."