తవుడుకు కొన్న బిడ్డ

మా అమ్మకు ముందు పుట్టినవాళ్లెవరూ నిలవలేదట. అందుకని అమ్మను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటావిడ ఎత్తుకుంటే, అవ్వ, అంటే మా అమ్మమ్మ, ఆమెకు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. పరాయి బిడ్డ అనుకుని చావు పక్కకు పోతుందని మా శామీర్‌పేట వైపు ఊళ్లలో అలా చేసేవాళ్లు. ఉత్తుత్తి బేరమే. కానీ చుట్టాలంతా "తవుడుకు కొన్న పిల్ల" అని ఆటపట్టించీ ఆటపట్టించీ తను అవ్వ కన్న బిడ్డ కాదేమోనని అమ్మకు అనుమానం పుట్టించారు. యాభై దాటినా అది పోలేదు. ఆ నోళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను పనిచేసే ల్యాబులో, ఆదిమ మనుషులు ఆఫ్రికా నుంచి ఏ దారిన ఇక్కడికొచ్చారో తల్లుల వైపు నుంచి వెతుకుతాం. తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వచ్చే డీఎన్ఏ ఒకటుంది, తండ్రికి అందులో వాటా లేదు. ఇంటిపేరూ పొలమూ మగవాళ్ల వెంటే నడిచే మా ఇంట్లో ఈ సంగతి చెబితే బాపు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మా మండలంలో నమూనాలు తీసుకుంటున్నామని తెలిసి, తనదీ అవ్వదీ తీసుకోమని పట్టుబట్టింది.

అవ్వ ససేమిరా అంది. ఒక పూట అన్నం కూడా మానేసింది. చివరికి అమ్మ ముఖం చూసి నోరు తెరిచింది. దూదిపుల్ల చెంప లోపల తిప్పి నమూనా తీశాను.

ఇక ఫలితం వచ్చేదాకా ఇంట్లో గిన్నె జారినా ఉలిక్కిపడేవాళ్లం. నేను మేడ్చల్ బస్సు దిగి ఇంటికి రాగానే అమ్మ నా ముఖంలో జవాబు వెతికేది. అవ్వ అసలు నా వైపే చూసేది కాదు.

రెండు నమూనాలూ కలిశాయి. ఆ మాట చెప్పగానే అమ్మ గడప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, పాయసానికి పాలు తెస్తానని బజారుకు వెళ్లింది. అంత హుషారుగా ఆమె నడవడం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ గేటు దాటాక అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"బిడ్డా, అక్కకూ చెల్లెకూ గా పరీక్షల తేలేది ఒక్కతీరుగనే ఉంటదా?"

ఒకే తల్లి కదా, ఉంటుందన్నాను.

"చెల్లె బిడ్డకు గూడా?"

కన్నతల్లికీ పెద్దమ్మకూ తేడా ఈ పరీక్షలో తెలియదు. తలూపాను.

"ఇద్దరం తల్లిగారింట్లనే కన్నం" అంది అవ్వ. "నా బిడ్డ నిలవలే. చెల్లె నిలవలే. చెల్లె బిడ్డ నిలిచింది."

అంటే ఆ బేరం ఉత్తుత్తిది కాదు, అవ్వ నిజంగానే చెల్లెలి బిడ్డను తెచ్చుకుంది. ఇంకా ఏదో అడగబోయాను, ఇంతలో అమ్మ పాల ప్యాకెట్లతో వచ్చేసింది. మా ఇద్దరినీ చూసి ఆగిపోయింది.

"ఇగ పక్కానే గదా? నేను అవ్వ బిడ్డనే గదా?"

అవ్వ గోళ్లు నా మణికట్టులో దిగుతున్నాయి.

"ఔనమ్మా, అవ్వ బిడ్డవే" అన్నాను.

అవ్వ నా చెయ్యి వదిలేసి, పాయసంలో బెల్లం తక్కువ వెయ్యమని అమ్మకు చెప్పింది.