రొట్టెలక్కయ్య బండి

ఆవిడను ఆ వీధిలో అందరూ రొట్టెలక్కయ్య అంటారు. పెళ్లయిన కొత్తలో బేకరీలో పనికి కుదిరింది. కూతురు పుట్టి, పెరిగి, తన కాపురానికి తను వెళ్లిపోయినా ఆ పని మాత్రం వదల్లేదు. ఊరు నిద్ర లేవకముందే వెళ్లి పొయ్యి వెలిగించి, పిండి ఎంత పొంగిందో వేలితో నొక్కి చూసి, మొదటి వాయి రొట్టెలు లోపలికి తోయడం ఆవిడ వంతు. బేకరీ తమ ఇంటి వెనక సందులో ఉన్నన్నాళ్లూ ఇలా గడప దాటి అలా చేరిపోయేది. యజమాని దాన్ని అక్కణ్ణించి ఎత్తేసి, వంతెనకు అవతల పెద్ద షెడ్డులో పెట్టేసరికి చిక్కొచ్చి పడింది. ఆ వేళకు బస్సులు మొదలు కావు. నడిచి వెళ్తే మోకాళ్లు ఏడుస్తున్నాయి.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. చూపు మందగించి, గడువుకు ముందే స్టీరింగు వదిలేశాడు. ఎదురుగా ఉన్న మనిషి ఆకారం తెలుస్తుంది గానీ మొహం తెలియదు.

"ఊళ్లో అందర్నీ మోశాను, నిన్నొక్కదాన్ని దింపలేకపోతున్నానే" అన్నాడు ఒకరోజు.

ఆవిడ విననట్టే జడ ముడేసుకుని వెళ్లిపోయింది.

వీధి చివర మేడ మీద అద్దెకుండే నర్సుకు ఆస్పత్రి పక్కనే క్వార్టర్సు దొరికిందని, ఇక అవసరం లేక తన బ్యాటరీ స్కూటరు అమ్మేస్తోందని తెలిసింది. బండి సంగతి కదా, డ్రైవరు చూడందే ఎలా? ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆయన బండి చుట్టూ తిరిగి టైర్లు నొక్కాడు, బ్రేకు పట్టి చూశాడు. తర్వాత చెవి వంచి, "ఏదీ, స్టార్ట్ చెయ్యమ్మా" అన్నాడు.

"చేశానంకుల్."

"మరి చప్పుడేదీ?"

"దీనికి చప్పుడుండదంకుల్."

జీవితమంతా ఇంజను గొంతు విని రోగం కనిపెట్టిన మనిషి బిక్కచచ్చిపోయాడు. సీటు మీద అరచెయ్యి ఆనించి కాసేపు చూసి, "దీనికి నాడి కూడా లేదు" అని తేల్చేశాడు.

నర్సు నవ్వి, ఆవిడ వైపు తిరిగింది. "ఉన్నమాట చెబుతానాంటీ. బ్యాటరీ కొంచెం పాతబడింది. ఒక్కరికైతే హాయిగా వెళ్తుంది. ఇద్దరెక్కితే వంతెన మీద మొరాయిస్తుంది."

దారిలో డ్రైవరు గొణుగుడు మొదలుపెట్టాడు. "వద్దే. తన సరుకు లోపం తనే చెబుతోందంటే, చెప్పనిది ఇంకెంతుందో!"

"చెప్పకపోతే దొంగంటారు, చెబితే గజదొంగంటారు. మీతో ఎలా వేగుతారండీ అమ్మేవాళ్లు?"

"అది కాదు. ఈ వయసులో నీకు బండేమిటి? సైకిలైనా తొక్కావా ఎప్పుడన్నా?"

ఆ మాట కలుక్కుమంది. తొక్కలేదు, నిజమే. చిన్నప్పుడు తండ్రి సైకిలు వెనక, తర్వాత అన్నయ్య స్కూటరు వెనక, పెళ్లయ్యాక ఈయన బస్సులో ముందు సీట్లో. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు తీసుకెళితే వెళ్లింది.

మర్నాడు పని దిగి, మోచేతుల పిండైనా సరిగా దులుపుకోకుండా తిన్నగా నర్సు ఇంటికి వెళ్లింది. తను దాచుకున్నది ఇచ్చేసి బండి తీసుకుంది. నడపడం రాదు కాబట్టి వీధి పొడుగునా తోసుకుంటూ వచ్చింది.

"అప్పుడే ఆగిపోయిందా అక్కయ్యా?" అని బట్టలు ఇస్త్రీ చేసేవాడు పలకరించాడు.

"ఇంకా మొదలే కాలేదు తమ్ముడూ" అంది.

భర్త ఆ పూట మాట్లాడలేదు. రేడియో మాత్రం కాస్త గట్టిగా మాట్లాడింది.

సాయంత్రం బడి వెనక ఖాళీస్థలంలోకి బండి తీసుకెళ్లింది. హ్యాండిల్ కొంచెం తిప్పగానే అది పిల్లిలా చడీచప్పుడూ లేకుండా దూకి, ఆవిణ్ణి ఇసక్కుప్పలో కూలేసింది. మర్నాడూ అదే వరస. ఆ తర్వాతి సాయంత్రం గోడ తడుముకుంటూ డ్రైవరు వచ్చాడు.

"మీరెందుకొచ్చారిప్పుడు?"

"బండికి లేని చప్పుడంతా నువ్వు చేస్తున్నావుగా. ఇంటిదాకా వినిపిస్తుంటే వచ్చాను." ఇంకాస్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎటు చూస్తున్నావే నడిపేటప్పుడు?"

"ఆ కరెంటు స్తంభం వైపు. గుద్దుకుంటానేమోనని."

"అందుకే గుద్దుకుంటున్నావు. కళ్లెటుంటే చేతులటే పోతాయి. స్తంభాన్ని దాని మానాన వదిలెయ్. నువ్వు వెళ్లాల్సిన చోటే చూడు."

ఆయన మధ్యలో నిలబడి, ఇసకమీద చక్రం చేసే చిన్న కరకరను బట్టి, ఎప్పుడు తిప్పాలో ఎప్పుడు వదలాలో కేకేసి చెప్పేవాడు. ఆవిడ విసుక్కునేది, ఆయన అరిచేవాడు. అలా అరుచుకుంటూనే ఆవిడకు బండి పట్టుబడింది.

బండి మీద మొదటిసారి పనికి వెళ్లేరోజు తనూ వస్తానని పట్టుబట్టాడు. "ఆ అమ్మాయి చెప్పింది కదండీ, ఇద్దరైతే లాగదని" అన్నా వినలేదు. వెనక్కూర్చుని, దీపాల వెలుగు మసకమసకగా కనిపిస్తుంటే "స్పీడు తగ్గించు, మలుపొస్తోంది" అని చెబుతూనే ఉన్నాడు. వంతెన సగం ఎక్కేసరికి బండి నీరసించి నీరసించి ఆగిపోయింది.

ఆవిడ హ్యాండిల్ మళ్లీ మళ్లీ తిప్పి చూసింది. రొట్టెల వేళ దాటిపోతోంది. ఆయన్ని అక్కడ వదిలి ఎలా వెళ్తుంది? డ్రైవరు మాత్రం దిగి, వంతెన పక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"బరువు నాదేనే. దిగిపోయాగా, ఇంక నువ్వెళ్లు. సర్వీసు ఆలస్యం కాకూడదు."

"కనపడదు కదండీ మీకు!"

"ఈ వంతెన నాకు కనపడాలా? కళ్లు మూసుకుని కూడా తిరగగలను. వెళ్లమంటున్నానా?"

ఒక్కదాన్నే మోస్తూ బండి బుద్ధిగా పైకెక్కింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగినా చూడలేదు. పొయ్యి వెలిగించిందన్నమాటే గానీ, చేతులిక్కడా ప్రాణమక్కడా. మొదటి వాయి తీసి రెండోది తోస్తుంటే, తలుపు దగ్గర గోడ పట్టుకుని మనిషి ఆకారం కనిపించింది. చొక్కా చెమటకు తడిసిపోయింది. "వాసన పట్టుకుని వచ్చేశాను" అన్నాడు.

బేకరీ ఇంటి వెనకే ఉన్న రోజుల్లో కూడా ఏనాడూ లోపల అడుగుపెట్టలేదాయన. ఆయన డ్యూటీలు ఆయనవి. నాలుగడుగులు వేసి, పొయ్యి నోటి దగ్గర ఆగిపోయాడు. మొహం మీద సెగ కొట్టింది.

"ఇంత వేడిలోనా నువ్వు..." అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని, మోచేతి దాకా ఉన్న కాలిన మచ్చలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు. అవి ఆయనకు తెలియనివి కావు, తెలుసుకోవాలని అడగనివి.

"పాతవేలెండి" అందావిడ. కుర్చీ జరిపి కూర్చోబెట్టి, వేడి రొట్టె విరిచి చేతిలో పెట్టింది. ఆయన అక్కడే కూర్చుని తిన్నాడు. బస్సులు మొదలయ్యాక, ఆయనతో పనిచేసిన పాత కండక్టరు ఉన్న బస్సు చూసి ఎక్కించి పంపింది.

ఆ రోజునుంచి బండికి చార్జింగు పెట్టడం ఆయన పని. తడిమి తడిమి ప్లగ్గు అమర్చి, ఎక్కిందో లేదో ఆవిణ్ణి పిలిచి ఎర్ర దీపం చూపించి అడుగుతాడు. తెల్లవారుజామున ఆవిడ బండి తీస్తుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. బండికి చప్పుడు లేదు కదా, ఎంతదూరం వెళ్లిందో ఆయనకు తెలిసే దారి లేదు. అందుకని మలుపు తిరిగేముందు ఆవిడ ఒక్కసారి హారను కొడుతుంది. అప్పుడు లోపలికి వెళ్లి మళ్లీ నడుం వాలుస్తాడు.