నీలిమందు పెట్టిన కొంగు

అత్తమ్మ పోయిన కబురు వచ్చేసరికి నేను ఎవరిదో పెళ్లి క్యాసెట్‌కు పాటలు అతికిస్తూ కూర్చున్నాను. ఫోన్‌లో బాపు గొంతు మామూలుగానే ఉంది. "అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల ఒరిగింది, గంతే. నువ్వు అచ్చెయ్యి" అన్నాడు. ఇక పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. "అక్కది ఫోటో ఏమన్న ఉంటే పట్కరా. ఇల్లంత దేవులాడినం, ఒక్కటి దొరుకుతలేదు" అన్నాడు.

ఆవిడ మా బాపుకు, అంటే నాన్నకు అక్క, నాకు మేనత్త. ఈ నాలుగైదేళ్లలో కరీంనగర్ వైపు లగ్గం చేసుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ క్యాసెట్ నేను తీసిందే అయ్యుండొచ్చు. అదే నా బతుకుతెరువు. అంతమంది ముఖాలు తీసినదాన్ని, నాకు ఈ పని దక్కేలా చేసిన మనిషి ఫోటో మాత్రం నా దగ్గర లేదు. కెమెరా ఎత్తితే చాలు, ఆవిడ వచ్చి నా వెనక నిలబడేది. "నన్నేం తీస్తవే, సున్నమేసిన గోడను తీసినట్టుంటది" అనేది. అని తనే నవ్వేది.

ఆ సున్నం మాట తన చీర గురించి. అత్తమ్మకు చిన్నప్పుడే మంథనిలో లగ్గం చేశారు. అప్పటికి మా బాపు లాగు వేసుకుని తిరిగే పిల్లగాడు. కాపురానికి పంపకముందే ఆ పెళ్లికొడుకు జ్వరంతో పోయాడు. అప్పటి నుంచీ అత్తమ్మ కట్టింది తెల్లచీరే. మా ఇళ్లలో పురుడొచ్చినా, మంచాన ఎవరు పడ్డా, "అక్కను తోలుండ్రి" అనేవారు. మా చిన్నాయనల కొడుకులు హైదరాబాదులో చదువుకు పోతే, చిక్కడపల్లిలో రెండు గదులు తీసుకుని వండిపెట్టడానికి ఆవిడనే పంపారు. ఆవిడకు పోవాలనుందా అని అడిగినవాళ్లు ఉన్నారనుకోను. నాకు ఇప్పటికీ మండుతుంది ఆ సంగతి.

నా సంగతి చెప్పాలి. మా వాడలో దుబాయికి పోయినవాళ్ల ఇంట్లో మొదటిసారి వీసీఆర్ వచ్చినప్పుడు, వాళ్ల లగ్గం క్యాసెట్ చూడటానికి వాడంతా కూడింది. అందరూ పెళ్లికూతురి నగలు చూస్తున్నారు. ఒకచోట పెళ్లికూతురి వెనకున్న అద్దంలో, భుజం మీద కెమెరా పెట్టుకున్న మనిషి కనపడి మాయమయ్యాడు. నా కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. నేనూ అట్లా పట్టుకోవాలి! ఇంకేం కాదు, అంతే. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు అయిపోగానే, పెద్దపల్లి వైపు నుంచి పోయి హైదరాబాదులో వీడియో స్టూడియో పెట్టుకున్న ఒక సార్‌ను బతిమాలి, ఎండాకాలమంతా పని నేర్పడానికి ఒప్పించాను. ఇక మిగిలింది బాపు.

"ఆడివిల్ల కెమెరా పట్టుకొని మంది లగ్గాలల్ల తిరుగుడేంది? ఇజ్జత్ ఉంటదా?" అని బాపు కంచం ముందునుంచి లేచాడు. అప్పుడు అత్తమ్మ ఏదో పనిమీద మంథని వచ్చి ఉంది. పప్పు గరిటె చేతిలోనే ఉంది.

"కూసోరా, కూసోని తిను. దీని ఎంబడి నేను తిరుగుత. ఏడికి పోతే ఆడికి. ఇగ నీకేం ఫికర్?"

బాపు అక్క మాటకు ఎదురు చెప్పలేడు. కానీ షరతు పెట్టాడు. "నువ్వు ఎంబడి లేని దినం, గదే దినం ఇది మంథని బస్సెక్కాలె. మల్ల కెమెరా మాట ఎత్తద్దు."

అట్లా నా బతుకు అత్తమ్మ చెంగుకు ముడిపడింది. ఆవిడ రానంటే నా పని ఆ రోజుతో బందు.

మొదటి రోజు స్టూడియోలో నేననుకున్నదేమీ జరగలేదు. కెమెరా ముట్టుకోనివ్వలేదు సార్. లైటు వైరు చుట్టడం నేర్పాడు. మెలిక పడకుండా మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టాలి. నాకు ఏడుపొచ్చింది. గుమ్మం దగ్గర స్టూలు మీద బియ్యం ఏరుకుంటూ కూర్చున్న అత్తమ్మ అంతా చూసి, చిక్కడపల్లి ఇంటికి పోయాక పిల్లల బట్టలారేసే తాడు విప్పి నా చేతికిచ్చింది. "చుట్టు. ఏడ్సుకుంట అయినా సరే, చుట్టు" అంది. కెమెరాను ఆవిడ 'డబ్బ' అనేది. పెళ్లిళ్లకు పోయేటప్పుడు స్టీలు డబ్బాలో సర్వపిండి పెట్టుకుని వచ్చేది. పెళ్లి బంతిలో కూర్చుని తినేది కాదు. ఎందుకని అడిగితే, "వాళ్ల కూరల ఉప్పెక్కువ" అనేది, ఇంకా వంట కానేలేని ఇంట్లో కూడా!

కొన్నాళ్లకు సార్ కెమెరా నా భుజం మీద పెట్టాడు. కాచిగూడలో ఒక పెళ్లి. తీయడానికి ముందు కెమెరాకు ఏదైనా తెల్లటిది నిండుగా చూపించి ఒక బటన్ నొక్కాలి. తెలుపంటే ఇదీ అని దానికి తెలిస్తేనే మిగతా రంగులు సరిగ్గా వస్తాయి. లేకపోతే పెద్ద లైట్ల కింద అంతా పసుపుముద్దలా కనపడుతుంది. దాన్ని వైట్ బ్యాలెన్స్ అంటాం. ఆ రోజు సార్ తెచ్చిన తెల్లకాగితం మీద ఎవరో చాయ్ ఒలకబోశారు. సార్ అటూ ఇటూ చూసి, "అమ్మా, జర మీ కొంగు ఇట్ల పట్టుండ్రి" అన్నాడు.

అత్తమ్మ లైటు ముందు నిలబడి రెండు చేతులతో కొంగు చాపింది. నేను తొందరలో ముందు రికార్డింగు బటన్ నొక్కేసి, ఆ తర్వాత దగ్గరికి జరిపి, తెల్లది చూపించే బటన్ నొక్కాను. ఆ కెమెరాలో మేం కన్ను పెట్టి చూసే చోట రంగులుండవు, అంతా నలుపూ తెలుపే. ఏం రికార్డయిందో నాకు తెలియలేదు.

మర్నాడు స్టూడియోలో టీవీకి పెట్టి చూస్తే తెలిసింది. తెర మీద అత్తమ్మ నిలబడి ఉంది. ఆ లైటు వెలుతురు కెమెరాకు ఇంకా అలవాటు కాలేదు కదా, చీరంతా పచ్చని పసుపు. కొంగు, చేతులు, ముఖం, అంతా పసుపే. కొన్ని క్షణాలు. తర్వాత నేను బటన్ నొక్కగానే అదే చీర తెల్లబడిపోయింది.

వెనకనుంచి స్టూలు జరిగిన చప్పుడైంది. అత్తమ్మ లేచి నిలబడింది.

"గీ పసుపు ఏడికెళ్లి అచ్చింది?"

సార్ లైట్ల గురించి ఏదో చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. "మళ్లొక్కసారి ఏయ్" అంది. సార్ వెనక్కి తిప్పి వేశాడు. మళ్లీ పసుపు, మళ్లీ తెలుపు. అత్తమ్మ కొంగును చేతిలోకి తీసుకుని చూసుకుంది, టీవీని చూసింది. "ఇగ తీసెయ్. అది వాళ్ల లగ్గం క్యాసెట్, నాది గాదు" అని మళ్లీ కూర్చుని బియ్యం ఏరుకుంది. సార్ పెళ్లివాళ్ల క్యాసెట్‌లో ఆ ముక్క లేకుండా చేశాడు. అసలు క్యాసెట్ మాత్రం నా చేతిలో పెట్టాడు.

ఆ పెళ్లి క్యాసెట్‌లో మనుషుల ముఖాలు ఎన్నడూ లేనంత కళగా వచ్చాయి. సార్ తల గోక్కుని గోక్కుని కారణం పట్టాడు. అత్తమ్మ ప్రతి ఆదివారం చీరలకు నీలిమందు పెట్టేది, అదీ దండిగా. ఆ తెలుపులో కాస్త నీలం ఉంది. ఆ నీలాన్నే తెలుపనుకున్న కెమెరా, తక్కిన అన్నిటికీ కొద్దిగా బంగారు రంగు కలిపింది. ఇక సార్ కాగితం ముట్టుకుంటేగా! ప్రతి పెళ్లికీ, "అమ్మా, కొంగు" అనేవాడు. అత్తమ్మ పైకి విసుక్కునేది. ఆదివారాలు మాత్రం నీలిమందు ఇంకాస్త శ్రద్ధగా కలిపేది.

హుస్నాబాద్ లగ్గం వరకూ అంతా బాగానే నడిచింది.

అది దుబాయికి పోయినవాళ్ల ఇల్లు. పెళ్లికూతురి అన్నకు అక్కడ సెలవు దొరకలేదు. వాళ్ల తల్లి నా చెయ్యి పట్టుకుని, "నా కొడుకు గీ క్యాసెట్ల సూస్తెనే చెల్లె లగ్గం సూసినట్టు బిడ్డా, మంచిగ తియ్యి" అంది. సరేనని అత్తమ్మను పందిట్లో నిలబెట్టాను. కొంగు చాపిందో లేదో, పెళ్లికూతురి పెదనాయన గట్టిగా అరిచాడు.

"లగ్గం షురూ గాకముందే గీ తెల్లచీర ముంగట నిలవడుడేందయ్యా? మంచీ చెడ్డా తెల్వదా? పక్కకు జరుగుమనుండ్రి!"

పందిట్లో అందరూ ఇటే తిరిగారు. సార్ నేల చూపులు చూశాడు. అత్తమ్మ కొంగు మడిచి భుజాన వేసుకుని, ఎవరినీ చూడకుండా ఇంటి వెనక్కి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. కెమెరా కుర్చీలో పెట్టి, "నేను తియ్య" అన్నాను. "మూర్తం దగ్గరపడ్డది, పరేషాన్ చెయ్యకు తల్లీ" అని సార్ మొత్తుకుంటున్నా వినకుండా ఆవిడ వెనకే పోయాను.

వంటల దగ్గర ఒక బండ మీద కూర్చుంది. ఏడవడం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"పోదాం పా అత్తా. గీ పనే వద్దు. మంథని పోత."

"పోయి?" అంది.

నేను ఆవిడ స్టీలు డబ్బా చేతిలోకి తీసుకున్నాను.

"పోయి ఏం జేస్తవ్? నాలెక్క పప్పు గెలుకుతవా? ఎవలన్న పిలిస్తె పోతవు, పొమ్మంటె అస్తవు. గదేనా నీ సంబురం?" అని నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "ఆ తల్లి మొకం సూసినవా? కొడుకు దుబాయిల ఎదురు సూస్తుండు. ఆ ముసలోడు అన్నదానికి ఆ పిల్ల లగ్గం పాడు జేస్తవా?"

"నువ్వు లేకుంట నేను తియ్య."

అత్తమ్మ నన్నొకసారి చూసి, కొంగు అంచు పంటితో కొరికి, సర్రున చింపింది. ఉన్నవాటిలో కొత్త చీర అది. జానెడు వెడల్పు గుడ్డ నా ఒళ్లో పడేసింది.

"ఇగో. నేను రావద్దన్నరు, నేను రాను. గుడ్డను సుత పట్టుకొని అడుగుతరా, నీకు మొగడున్నడా లేడా అని? తీస్కపో. పో!"

నేను ఏడుస్తూనే పోయాను. సార్ ఆ గుడ్డ చాపి పట్టుకున్నాడు. నేను బటన్ నొక్కాను. ఆ పెళ్లికూతురు ఆ క్యాసెట్‌లో ఎంత బాగుంటుందో చెప్పలేను. అరిచిన పెదనాయన కూడా బంగారంలా వచ్చాడు, పాడుగాను!

ఆ సంగతి మంథని దాకా పోయింది. మూడో రోజుకు బాపు చిక్కడపల్లిలో దిగాడు. "నా అక్కను నలుగుర్ల నిలవెట్టి మాటలనిపిస్తవా? సామాన్ సదురుకో" అని నా మీద లేచాడు. అత్తమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"మాట వడ్డది నేను. బందు దాని పనెందుకైతదిరా? ఇన్నేండ్లల్ల గిట్లాంటి మాట ఎన్ని వడలే? అప్పుడు ఒక్కనాడన్న అచ్చినవా అక్కా అని?"

బాపు నీళ్లు తాగాడు. ఆ సాయంత్రమే ఒక్కడే తిరిగి బస్సెక్కాడు. నా ఎండాకాలం మిగిలింది, ఆ తర్వాత బతుకంతా మిగిలింది. ఆ గుడ్డ ఇప్పటికీ నా కెమెరా సంచిలో ఉంది. ఆదివారం ఆదివారం నీలిమందు నేనే పెడతాను.

ఫోటో లేదు గనక, బాపు ఫోన్ పెట్టేశాక ఆ కాచిగూడ క్యాసెట్ వెతికి పట్టుకుని మంథని పోయాను. పదో దినం అయినాక, మధ్యాహ్నం, పక్కింటి టీవీ, వీసీఆర్ మా ఇంట్లో పెట్టించాను. బాపు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. గుండు చేయించుకున్న తల, చిన్నపిల్లవాడిలా కనపడ్డాడు.

ముందు గీతలు పడ్డాయి. తర్వాత పందిరి. రెండు చేతులతో కొంగు చాపి అత్తమ్మ. "గింతనేనా? ఇంకింత ఎడం జరుగాల్నా పొల్లా?" అని నన్నడుగుతోంది. చీరంతా పసుపు.

బాపు ముందుకు జరిగి తెర వైపు చెయ్యి చాపాడు.

"పసుపు బట్టలల్ల అక్కను నేను ఒక్కసారే సూసిన" అన్నాడు. "అక్క పక్కన పీట మీద నేను సుత కూసుంట అని ఏడ్సిన. కూసోవెట్టుకుంది. గిట్లనే ఉండె. గిట్లనే నవ్వింది."

తెర మీద చీర తెల్లబడింది. బాపు చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"మళ్లొక్కసారి ఏయ్ బిడ్డా."

వెనక్కి తిప్పాను. ఈసారి తెల్లబడే లోపు పాజ్ నొక్కాను. పాజ్‌లో క్యాసెట్ బొమ్మ నిలకడగా ఉండదు, సన్నగా వణుకుతుంది. పసుపుకొంగు చాపి అత్తమ్మ అట్లాగే వణుకుతూ నిలబడి ఉంది. బాపు పాజ్ తీయమనలేదు, నేను తీయలేదు.