బావగారు కారు దిగే ముందు

మా బావగారు పోయారు. పోయిన నెల ఒక ఉదయం కాఫీ తాగి, పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. అక్క ఫోన్‌లో ఏడవలేదు. "మీ బావగారు వెళ్ళిపోయారే. నువ్వు రా," అని పెట్టేసింది. గుంటూరు నుంచి మార్టూరు వెళ్ళే బస్సులో, పక్క సీటు ఆవిడ ఎంత ఓదార్చినా వినకుండా ఏడ్చాను.

మార్టూరు వాళ్ళు ఆయన్ని మరిచిపోయినా ఆయన కారుని మరిచిపోరు. ఆయనకక్కడ గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. రాళ్ళు కొనే ఇటలీ వ్యాపారి ఒకాయన మద్రాసులో కాపురం ఎత్తేస్తూ తన పాత స్పోర్ట్స్ కారుని ఈయనకి అమ్మేసి వెళ్ళాడు. ఎర్రగా, నేల మీద పాకుతున్నట్టు ఉండేది. రెండే సీట్లు, టర్బో ఇంజను. ప్రపంచంలోనే అలాంటివి బహు తక్కువని ఆయన గొప్పలు పోయేవారు. మన జిల్లాలో రెండోది లేదని మాత్రం నేనే సాక్ష్యం చెప్పగలను.

స్టీరింగు ఎడమవైపు. లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో ఆయనకి కనపడదు, కుడివైపు కూర్చున్నవాళ్ళే చూసి చెప్పాలి. ఆ ఉద్యోగం అక్కది.

"వస్తోందా?"

"వస్తోందండీ."

"ఏంటొస్తోంది?"

"ఏదో ఒకటి వస్తోందిలెండి, మెల్లగా పోనివ్వండి!"

రోడ్డు ఖాళీగా ఉన్నా అక్కకి ఏదో ఒకటి వస్తూనే ఉండేది. అంత కారూ పత్తి ట్రాక్టరు వెనక ఒంగోలు దాకా నడిచిన రోజులున్నాయి.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే, ఆ కారులోనే. యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఏమీ జరగదు. కాసేపటికి వీపు సీటుకి అతుక్కుపోతుంది. "మన మిర్చి లాంటిదే మరదలా. నోట్లో పెట్టగానే తెలీదు. ఆగు, అదే చెప్తుంది," అనేవారు. నేను కేకలు పెడితే ఆయనకి మహా సరదా.

అసలు కథంతా దిగడం దగ్గర. టర్బో ఇంజను బాగా పరిగెత్తి వచ్చాక చప్పున ఆపకూడదు. కాసేపు ఊరికే ఆడనిచ్చి, చల్లబడ్డాక తాళం తిప్పాలి. లేకపోతే లోపల ఆయిలు మాడి టర్బో పాడవుతుంది. ఈ సంగతి మాకేం తెలుసు? చిలకలూరిపేట దగ్గర మా పుట్టింటికి ఆ కారు మొదటిసారి వచ్చినప్పుడు అక్క దిగింది, అల్లుడుగారు దిగలేదు. ఇంజను ఆడుతూనే ఉంది. ఆయన నిటారుగా కూర్చుని ఎటో చూస్తున్నారు.

వాకిట్లోకి వచ్చి బండి దిగని అల్లుడంటే మా వైపు ఒకటే అర్థం. అలిగాడు.

అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తింది. మా నాన్న మిర్చి రైతు, ఎవరి ముందూ తల వంచని మనిషి. ఆ కారు అంత పొట్టిది కనక నడుమే వంచాల్సొచ్చింది. పైపంచె సర్దుకుని, "మావల్ల ఏదన్నా లోపం జరిగిందాండీ? పెద్దవాణ్ణి చెబుతున్నా, దిగండి అల్లుడుగారూ," అన్నారు. సరిగ్గా అప్పుడే ఇంజను చల్లబడింది. బావగారు దిగారు. అల్లుడు తన మాట మన్నించాడని నాన్న మురిసిపోయారు.

ఇక ప్రతిసారీ అదే తంతు. "ఇంకెన్నాళ్ళే ఈయన అలకలు?" అని ఇంట్లో విసుక్కుంటూనే నాన్న వాకిట్లోకి వెళ్ళేవారు. అసలు సంగతి నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు తెలిసింది. నాన్నకి చెప్పేస్తానన్నాను.

"చెప్తే మళ్ళీ ఎదురొస్తారా?" అన్నారు బావగారు. "మా నాన్న నాకు ఊహ తెలీకముందే పోయాడు. నాకోసం వాకిట్లోకొచ్చే పెద్దాయన ఈయనొక్కడే. పిలిపించుకోనీ మరదలా, నీ సొమ్మేం పోయింది?"

ఇక నాన్నకి చెప్పలేదు.

ఓ వేసవి మధ్యాహ్నం కల్లంలో మిరపకాయలు ఎండబోయిస్తూ నాన్న ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. అదృష్టం, బావగారు ఆ రోజు మా పుట్టింట్లోనే ఉన్నారు. నాన్నని కుడివైపు సీట్లో వాల్చి గుంటూరు బయల్దేరారు. గుంటూరులోనే ఉంటున్న నేను, కబురు అంది ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. కారు వచ్చి ఆగింది, ఆ వెంటనే తాళం తిప్పి ఇంజను ఆపేశారు. తలుపైనా వెయ్యకుండా నాన్నని చేతుల మీద ఎత్తుకుని బావగారు లోపలికి పరిగెత్తారు.

నాన్న బతికారు. టర్బో బతకలేదు. కారు నీలం పొగ కక్కుతూ ఇల్లు చేరింది.

కాస్త కోలుకున్నాక మంచం మీద నాన్న, "దారి పొడుగునా నేనే చెప్పానండీ, ఏం రావట్లేదు, పోనివ్వండని," అన్నారు గొప్పగా. తర్వాత మెల్లగా, "అవునుగానీ అల్లుడుగారూ, ఆ రోజు అలగలేదేం?" అని అడిగారు.

బావగారు ఇక దాచలేక అంతా చెప్పేశారు. నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు. నాకు భయమేసింది.

"అయితే ఇన్నేళ్ళూ నేను బతిమాలింది ఇంజన్నా?"

ముందు నవ్వింది ఆయనే. నవ్వాక బావగారి చెయ్యి పట్టుకుని, "బాగుచేయించండి. మళ్ళీ వస్తాను వాకిట్లోకి," అన్నారు. ఇటలీ నుంచి సామాను రావడానికి ఏడాది పైనే పట్టింది. నాన్న మాట తప్పలేదు. కారు ఆగగానే వచ్చి, పైకప్పు మీద చెయ్యేసి, అది చల్లబడేదాకా వానల గురించీ తెగుళ్ళ గురించీ అల్లుడితో మాట్లాడుతూ నిలబడేవారు.

పెద్దకర్మ అయ్యాక అక్కని పుట్టింటికి తీసుకెళ్ళాలి. ఆ కారులోనే వెళ్దామంది. నేను నడిపాను. ముందు ఒక లారీ అడ్డమొచ్చింది.

"వస్తోందా అక్కా?"

అక్క కళ్ళు తుడుచుకుని చూసింది. "ఏం రావట్లేదు. పోనివ్వు," అంది. ఆ మాట అక్క నోట వినడం నాకదే మొదటిసారి.

వాకిట్లో కారు ఆపి, ఇంజను ఆడనిచ్చాను. ఆ చప్పుడుకి నాన్న లోపల్నుంచి వచ్చారు. బాగా పెద్దవారైపోయారు, అడుగు తడబడుతోంది. పైపంచె సర్దుకుని నా వైపు తలుపు దగ్గరికొచ్చి, పైకప్పు మీద చెయ్యేసి, నడుము వంచారు. లోపల ఉన్నది నేనని ఆయనకి తెలుసు.

"దిగండి అల్లుడుగారూ," అన్నారు.

ఇంజను ఎప్పుడో చల్లబడింది. తాళం తిప్పడానికి నా చెయ్యి రాలేదు.